అమ్మ ఊరకే క్షమించింది, దేవుడు ఎందుకు క్షమించలేడు?

ఆదివారపు బడి

మా సంఘంలో 11 ఏళ్లుగా ఆదివారపు బడి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో నాకు మాట రాకుండా చేసిన ప్రశ్న ఒకటి మొన్న ఎదురైంది, అందుకే ఈ చర్చావేదికలో రాస్తున్నాను. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన ముగిసి, పెద్దలందరూ ఎండలో చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, నాలుగో తరగతి చదివే ఒక పాప నా కొంగు పట్టుకొని అడిగింది: "టీచర్, మొన్న మా చెల్లి పింగాణీ పాలగిన్నె పగలగొట్టింది. మా అమ్మ కేకలేసింది గానీ, తరువాత పోనీలే అని క్షమించేసింది. ఎవరినీ కొట్టలేదు. దేవుడు కూడా అట్లా ఊరకే క్షమించవచ్చు కదా, యేసయ్యను ఎందుకు చావనిచ్చాడు?"

నాకు చిన్నప్పుడు నేర్పిన జవాబే నేనూ చెప్పాను. దేవుడు ప్రేమగలవాడు మాత్రమే కాదు, నీతిమంతుడు కూడా కాబట్టి పాపానికి శిక్ష పడక తప్పదనీ, ఆ శిక్షను మన బదులు యేసు భరించాడనీ అన్నాను. ఆ పాప కాసేపు నేలచూపులు చూసి, "అంటే చెల్లి తప్పు చేస్తే అమ్మ నన్ను కొట్టినట్టా?" అన్నది. నేను "వచ్చే ఆదివారం చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా విశ్వాసం కదిలిపోలేదు. నేను నమ్మినదాన్ని ఒక పసిపిల్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోయానన్నదే నా బాధ. మీరైతే ఏమని చెప్పేవారు?

నెల్లూరు బాప్టిస్టు

సోదరీ, మీరు చెప్పిన జవాబు సరైనదే, దాన్ని వదులుకోకండి. రోమా పత్రిక 3వ అధ్యాయంలో పౌలు చెప్పేది అదే: దేవుడు తాను నీతిమంతుడుగా ఉంటూనే పాపిని నీతిమంతుడని తీర్చడానికి క్రీస్తును కరుణాధారంగా బయలుపరిచాడు. యెషయా 53లో మన అతిక్రమాలను బట్టి అతడు గాయపడ్డాడని సూటిగా ఉంది. పిల్లలకు నేను న్యాయాధిపతి కథ చెబుతాను. ఒక న్యాయాధిపతి ముందుకు తన సొంత కొడుకే నేరస్థుడుగా వస్తాడు. ఆయన ధర్మం తప్పక జరిమానా విధిస్తాడు, తరువాత పీఠం దిగి వచ్చి ఆ జరిమానా తానే కడతాడు. నీతికీ ప్రేమకూ ఒకేచోట న్యాయం జరిగింది. 30 ఏళ్లుగా సువార్త కూటాలలో ఈ కథ విని కన్నీళ్లు పెట్టుకున్నవారిని ఎంతోమందిని చూశాను.

కోర్టు బెంచీ

నేనూ విశ్వాసినే, వృత్తిరీత్యా వకీలును. ఈ కథ కూటాలలో విన్న ప్రతిసారీ నాకు ఇబ్బందిగానే ఉంటుంది. జరిమానా అంటే డబ్బు. దాన్ని తండ్రి కట్టినా, మేనమామ కట్టినా కోర్టుకు అభ్యంతరం ఉండదు. జైలుశిక్ష విషయంలో అది కుదరదు, మరణశిక్ష విషయంలో అసలే కుదరదు. నేరం చేసినవాడి బదులు ఇంకొకడు, వాడు ఎంత ఇష్టపడి వచ్చినా, ఉరికంబం ఎక్కుతానంటే ఒప్పుకునే న్యాయస్థానం భూమిమీద లేదు. ఒకవేళ ఒప్పుకుంటే దాన్ని అన్యాయమనే అంటాం. బైబిలు కూడా అదే అంటుంది. కుమారుడి దోషశిక్షను తండ్రి మోయడనీ, తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడనీ యెహెజ్కేలు 18లో ఉంది. జరిమానా కథతో మొదలుపెట్టి సిలువ మరణం దగ్గర ముగిస్తే, మధ్యలో ఒక పెద్ద గోతిని గుడ్డ కప్పి దాటించినట్లే. పెద్దలు దాటిపోతారు గానీ, నాలుగో తరగతి పాప అందులో పడింది.

నెల్లూరు బాప్టిస్టు

ఉపమానం ఎక్కడో ఒకచోట తెగుతుంది, అది నేను కాదనను. అంతమాత్రాన ఉపమానం చూపించే సత్యం తెగిపోదు కదా. యేసు బలవంతంగా బలైనవాడు కాడు. తన ప్రాణాన్ని తనంతట తానే పెడుతున్నానని యోహాను 10లో ఆయనే అన్నాడు.

లేవీయకాండం చదివినవాడు

సెమినరీలో హీబ్రూ చదువుకున్నాను, ఇప్పుడు ఒక పల్లె సంఘంలో సేవ చేస్తున్నాను. ఈ చర్చలో అందరూ బలి అంటే శిక్ష అని అనుకొని మాట్లాడుతున్నారు. బలుల నియమాలున్న పాత నిబంధన గ్రంథం లేవీయకాండంలో బలిపశువు శిక్ష అనుభవిస్తున్నదని ఎక్కడా రాసి లేదు. ప్రాయశ్చిత్త దినాన్నే తీసుకోండి. ఏడో నెల పదో రోజున ప్రధాన యాజకుడి ముందుకు రెండు మేకలు వస్తాయి. చీటి ప్రకారం ఒకదాన్ని వధించి, దాని రక్తాన్ని తెర లోపల కరుణాపీఠం (మందసం మూత) మీద, దాని ఎదుట ప్రోక్షిస్తారు. ఆ రక్తం చేసే పని శుద్ధి. ప్రజల పాపాలచేత మైలపడిన పరిశుద్ధ స్థలాన్ని అది కడుగుతుంది. రెండో మేక తలమీద యాజకుడు తన రెండు చేతులూ ఉంచి ఇశ్రాయేలీయుల పాపాలన్నీ ఒప్పుకుంటాడు. పాపాలు మోసేది ఈ మేకే. అయితే దీన్ని చంపరు, అరణ్యంలోకి తోలి వదిలేస్తారు. చచ్చిన మేక పాపాలు మోయలేదు, పాపాలు మోసిన మేక చావలేదు. మనం ప్రసంగాలలో ఈ రెండింటినీ కలిపి ఒకే మేకను చేశాం.

మరో సంగతి. గొర్రెను గానీ, రెండు తెల్ల గువ్వలను గానీ తేలేని పేదవాడు తూమెడు గోధుమపిండిలో పదోవంతు తెచ్చినా వాడికి క్షమాపణ కలుగుతుందని లేవీయకాండం 5లో ఉంది. అక్కడ రక్తం చుక్క కూడా లేదు. "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అన్న హెబ్రీ 9:22ను మనమందరం కంఠస్థం చేశాం గానీ, అదే వాక్యం చివర మన తెలుగు బైబిలులో "సామాన్యముగా చెప్పవచ్చును" అని ఉన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆ పత్రిక రాసినవారికి పేదవాడి పిండి సంగతి తెలుసు.

పస్కా గొర్రెపిల్ల అసలు పాపపరిహారార్థ బలి కాదు. అది ఐగుప్తు దాస్యం నుంచి విడుదలకు గుర్తు. దాని రక్తం ఐగుప్తులో ద్వారబంధాల మీద పూసిన ఆనవాలు. యేసు తన మరణానికి ప్రాయశ్చిత్త దినాన్ని కాక పస్కా పండుగను ఎంచుకోవడం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

మిరియాల వీధి

నేను ఇప్పుడే లేచి బైబిలు తెరిచి చూశాను. "సామాన్యముగా చెప్పవచ్చును" అని నిజంగానే ఉంది. 40 ఏళ్లుగా ఆ వచనాన్ని మధ్యలో ఆపేసి చదువుతున్నానన్నమాట.

ఆదివారపు బడి

లేవీయకాండం గారూ, మీరు రాసినది నాకు కొత్తగా ఉంది, కొంచెం భయంగానూ ఉంది. బలి శిక్ష కాకపోతే మరి సిలువ ఏమిటి?

పాత గ్రంథాలయం

సంఘ చరిత్ర చదివేవారికి ఈ భయం ఉండనక్కరలేదు. క్రీస్తు మన రక్షణ కోసం చనిపోయి లేచాడని అందరూ ఒప్పుకున్నారు, ఆ మరణం ఏ విధంగా రక్షిస్తుందన్నది మాత్రం సంఘాల పెద్దలందరూ కూడిన ఏ సార్వత్రిక మహాసభా ఒక సూత్రంగా తేల్చలేదు. నైసియా విశ్వాస ప్రమాణం కూడా మన కోసం, మన రక్షణ కోసం అని చెప్పి ఆగుతుంది. ఆ మౌనంలో ఎన్నో వివరణలు పుట్టాయి.

మొదటి శతాబ్దాల వారికి ఎక్కువగా నచ్చిన పోలిక విమోచన క్రయధనం. అనేకులకు ప్రతిగా తన ప్రాణం ఇవ్వడానికి వచ్చానని మార్కు 10:45లో యేసు అన్న మాటే దానికి ఆధారం. మరి ఆ వెల ఎవరికి చెల్లించినట్లు? సాతానుకు అన్నాడు మూడో శతాబ్దపు వేదాంతి ఓరిజెన్. నిస్సాకు చెందిన గ్రెగరీ దాన్ని గాలంతో పోల్చాడు: క్రీస్తు మానవత్వం ఎర, లోపలి దైవత్వం కొక్కెం, మృత్యువు ఎరను మింగి చిక్కుకుంది. ఆయన స్నేహితుడే అయిన నజియాంజు గ్రెగరీకి ఇది మింగుడు పడలేదు. దొంగకు దేవుడు వెల కట్టడమేమిటని అడిగాడు, తండ్రికి చెల్లించాడన్నా ఒప్పుకోలేదు. 1098లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్ము తన గ్రంథం ముగించేనాటికి పోలిక మారింది. ప్రభువుల గౌరవం, దానికి భంగం, దానికి పరిహారం అనే మాటలు అందరికీ అర్థమయ్యే సమాజం ఆయనది. పాపమంటే దేవుడికి చెందవలసిన గౌరవాన్ని ఎగవేయడమనీ, దాన్ని తీర్చవలసినవాడు మనిషి, తీర్చగలిగినవాడు దేవుడు కాబట్టి దేవుడే మనిషి అయ్యాడనీ ఆయన వాదించాడు. గమనించండి, ఆన్సెల్ము దృష్టిలో పరిహారం శిక్షకు ప్రత్యామ్నాయం, శిక్ష కాదు. ఆయన తరువాతి తరంలో ఫ్రెంచి వేదాంతి అబెలార్డు సిలువను దేవుని ప్రేమ మనిషి గుండెను కరిగించే దృశ్యంగా చూశాడు. నెల్లూరు గారు చెప్పిన వివరణ స్పష్టమైన రూపం దాల్చింది 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తల దగ్గర; వారిలో కాల్విను న్యాయశాస్త్రం చదివినవాడు. 1930లో స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్ మళ్లీ వెనక్కి తిరిగి, తొలి సంఘం సిలువను ఒక విజయంగా, పాపమరణాల మీద గెలుపుగా చూసిందని గుర్తుచేశాడు.

నెల్లూరు బాప్టిస్టు

మీ చదువును గౌరవిస్తున్నాను గానీ, ఇది సంస్కర్తలు కల్పించిన మాట అన్నట్లు ధ్వనించడం సరికాదు. రెండో శతాబ్దంలోనే దియొగ్నేతు అనే వ్యక్తికి ఒక క్రైస్తవుడు రాసిన పత్రికలో నీతిమంతుడైన ఒక్కడి నీతి అనేకుల అతిక్రమాలను కప్పిందనీ, అది ఎంత మధురమైన మార్పిడో అనీ ఉంది. బదులుగా మరణించడమనే భావం మొదటి నుంచీ ఉంది.

పాత గ్రంథాలయం

నిజమే, ఆ పత్రికను నేను చెప్పి ఉండవలసింది. "బదులుగా" అన్నది తొలినాటిదే. తండ్రి కోపంతో కొడుతుంటే కుమారుడు అడ్డం వచ్చాడన్న చిత్రమే నాకు అభ్యంతరం. దేవుడు క్రీస్తునందు ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని రెండో కొరింథీ 5లో పౌలు అంటాడు. సిలువ దగ్గర తండ్రి ఒకవైపు, కుమారుడు ఇంకొకవైపు లేరు.

మెదక్ మనవడు

మా నాయనమ్మ పుట్టినింటివారు పోచమ్మకు యాటలు కోసేవారు. క్రైస్తవులయ్యాక కూడా ఆమె ఆ సంగతులు మాకు దాచకుండా చెప్పేది. మేకకు పసుపునీళ్లు చల్లి, వేపాకు కట్టి, అది ఒళ్లు విదిలించేదాకా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టి నిలబడేవారట. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్లు. విదిలించకపోతే మళ్లీ నీళ్లు చల్లడం, మళ్లీ బతిమాలడం. కలరా వచ్చిన ఏడు మూడుసార్లు చల్లినా ఆ మేక కదలక నిలబడిందనీ, వాళ్ల అమ్మ ఏడుస్తూ "ఏం తప్పు జేసినం తల్లీ" అని మట్టిలో పొర్లిందనీ చెబుతూ, అప్పటికి 80 ఏళ్లు దాటినా ఆమె గొంతు వణికేది.

రక్తం, బలి అనే మాటలు మా ఇంట్లో ఎవరికీ వివరించనక్కర లేకపోయింది. అయితే నాయనమ్మను మార్చిన మాట రక్తం కాదు. "అక్కడ మేమే ఇయ్యాలె, ఇచ్చినా తీసుకున్నదో లేదో తెల్వది. ఇక్కడ దేవుడే ఇచ్చిండు" అనేది. మొత్తం దిక్కే తిరిగిపోయింది. మనిషి దేవుణ్ణి శాంతింపజేయడం పోయి, దేవుడు మనిషి దగ్గరికి రావడం వచ్చింది. శిక్ష గురించిన వాదం వింటున్నప్పుడల్లా, ఆ దిక్కు మళ్లీ వెనక్కి తిరిగి, మన దేవుడు కూడా మేక ఒళ్లు విదిలించేదాకా చూస్తూ కూర్చునేవాడిలా అయిపోతున్నాడేమోనని నాకు దిగులు.

ఇంకొక మాట. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మా మెదక్ కెథీడ్రల్‌లో రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. ఒకదానిలో యేసు జననం, ఒకదానిలో సిలువ, ఒకదానిలో ఆరోహణం. ఎదురుగా బలిపీఠం వెనుక ఉన్నది ఆరోహణపు కిటికీ. నాయనమ్మ అక్కడే కూర్చొని చూసేది. రక్షణ అంటే శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పని మాత్రమే కాదని ఆ అద్దాలే మాకు చెప్పాయి.

నెల్లూరు బాప్టిస్టు

మీ నాయనమ్మ గారి మాట నేను రాసిపెట్టుకున్నాను. దేవుడే ఇచ్చాడన్నది నా విశ్వాసం కూడా. కోపం తగ్గించుకోవడానికి దేవుడు ఎవరినో వెతికాడని నేను ఎన్నడూ బోధించలేదు.

రెండిళ్ల కోడలు

నేను పుట్టింది హిందువుల ఇంట, మెట్టింది క్రైస్తవుల ఇంట. బలి ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తెలుగు కూటాలలో, కరపత్రాలలో "సర్వపాప పరిహారో రక్తప్రోక్షణమవశ్యం" అనే వాక్యాన్ని వేదవాక్యమని చదువుతారు. మా నాన్నగారు వేదం చదువుకున్నవారు. ఆ వాక్యం ఏ గ్రంథంలో ఏ ఖండంలో ఉందో చూపించమని అది చదివిన ముగ్గురు బోధకులను నేనే అడిగాను. ఒకరు ఒక పేరు, ఇంకొకరు మరో పేరు చెప్పారు గానీ, గ్రంథం తెరిచి చూపినవారు ఒక్కరూ లేరు. ఆ సంస్కృతం పొందికే సరిగా లేదని నాన్నగారు అన్నారు. మీ దేవుడు సత్యమైతే ఆయనను చాటడానికి ఆధారం చూపలేని శ్లోకం ఎందుకు? ఇది నేను కోపంతో అడగడం లేదు, మా నాన్నగారు ఆ కూటం నుంచి మౌనంగా లేచి వెళ్లిపోవడం చూసిన కూతురిగా అడుగుతున్నాను.

పాత గ్రంథాలయం

మీరు అడిగినది న్యాయమే. ప్రజాపతి తనను తాను దేవతలకు యజ్ఞంగా ఇచ్చుకున్నాడన్న మాట శతపథ బ్రాహ్మణమనే వేదగ్రంథంలో నిజంగానే ఉంది. కలకత్తాకు చెందిన కృష్ణమోహన్ బెనర్జీ 1875లో దాన్ని క్రీస్తుకు ఛాయగా చూపిస్తూ పుస్తకమే రాశాడు. దాన్ని ఒప్పుకోవచ్చు, మానవచ్చు. కనీసం ఆయన ఉన్న గ్రంథాన్ని చూపి మాట్లాడాడు. అక్కడి యజ్ఞం సృష్టికీ దేవతలకూ సంబంధించినది, పాపక్షమాపణకు కాదన్న తేడా కూడా చెప్పవలసి ఉంటుంది.

లేవీయకాండం చదివినవాడు

నేను ఆ వాక్యాన్ని మా సంఘంలో రెండుసార్లు చదివాను. సరిచూడకుండా చదివాను. కోడలు గారూ, మీ నాన్నగారికి నా క్షమాపణ చేరవేయండి. రాబోయే ఆదివారం పీఠం మీద నుంచి ఆ మాట వెనక్కి తీసుకుంటాను.

రెండిళ్ల కోడలు

చేరవేస్తాను. ఆయనకు సంతోషం కలుగుతుంది.

చింతచెట్టు కింద

టీచరు గారి పాప ప్రశ్న దగ్గరికి వస్తాను. "ఊరకే క్షమించడం" అనేది ఒకటి అసలు ఉంటుందా అన్నది నా అనుమానం. మా నాన్న సన్నకారు రైతు. మా బాబాయి వరసైన ఒకాయనకు విత్తనాలకని 40 వేలు అప్పిచ్చి ప్రోనోటు రాయించుకున్నాడు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా ఆయన చేసిన సంతకం, పక్కనే సాక్షి వేలిముద్ర నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లున్నాయి. రెండేళ్లు వరసగా పంట పోయింది. నోటు గడువు దాటిపోయే నెల, అందరూ దావా వెయ్యమంటుంటే, మా నాన్న ఆ నోటును చొక్కా జేబులో పెట్టుకొని వాళ్లింటికి వెళ్లి, ఆయన ఎదుటే నిలువునా చింపి పొయ్యిలో వేశాడు. బాబాయికి అది ఊరకే వచ్చిన క్షమాపణే. మా ఇంట్లో మాత్రం అది ఊరకే రాలేదు. ఆ ఏడు అక్క కాలేజీలో చేరలేదు. అమ్మ చేతి గాజులు బ్యాంకుకు వెళ్లి తిరిగి రాలేదు. నాన్న దాని గురించి ఇంట్లో ఒక్క మాట అనలేదు, బాబాయి ఎదురుపడితే ముందు తానే పలకరించేవాడు.

అప్పు మాఫీ అయితే ఆ నష్టం గాలిలో కలిసిపోదు, మాఫీ చేసినవాడి మీద పడుతుంది. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడని కొలస్సీ 2:14లో ఉంది. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు మా పొయ్యి, అందులో ముడుచుకుపోతున్న ఆ స్టాంపు కనిపిస్తాయి. దేవుడు ఎవరినో కొట్టి మనల్ని వదిలాడని కాదు, మన నష్టాన్ని తన ఒంటిమీద వేసుకున్నాడని నేను చదువుకుంటాను.

కోర్టు బెంచీ

ఇన్నాళ్లుగా నేను వెతుకుతున్నది ఇదే. నోటు చింపే హక్కు అప్పిచ్చినవాడికి మాత్రమే ఉంది, కాబట్టి ఇక్కడ అన్యాయం లేదు. న్యాయాధిపతి స్థానంలో అప్పిచ్చినవాడిని నిలబెడితే యెహెజ్కేలు మాటకు కూడా భంగం రాదు.

మిరియాల వీధి

అక్క తరువాతైనా చదువుకున్నదా?

చింతచెట్టు కింద

చదువుకున్నది. ప్రైవేటుగా డిగ్రీ కట్టి పాసైంది, ఇప్పుడు ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ.

తమ్ముడి ఫొటో

మీ అందరి మాటలూ రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. 9 ఏళ్ల క్రితం నా తమ్ముణ్ణి రోడ్డు మీద ఒకడు తాగిన మత్తులో కారుతో గుద్ది చంపాడు. కేసు సాగి సాగి సాక్షులు నిలబడక పోయింది. మూడేళ్ల క్రితం ఒక కూటానికి వెళ్తే, అతడే వేదిక ఎక్కి సాక్ష్యం చెబుతున్నాడు. తన పాపాలన్నీ యేసు రక్తంలో కడగబడ్డాయనీ, దేవుడు వాటిని సముద్రపు అడుగున పడవేశాడనీ, ఇప్పుడు తనకు సంపూర్ణ సమాధానం ఉందనీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మ నా పక్కనే కూర్చొని ఉంది. ఆ మనిషి ఆ రోజు వరకూ, ఈ రోజు వరకూ మా ఇంటి గడప తొక్కలేదు.

వకీలు గారూ, నోటు చింపే హక్కు అప్పిచ్చినవాడికే ఉందన్నారు. మరి మా తమ్ముడి నోటు ఎవరి దగ్గర ఉంది? మా అమ్మను అడగకుండా దాన్ని ఎవరు చింపారు?

కోర్టు బెంచీ

అమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు.

నెల్లూరు బాప్టిస్టు

నేను ఇలాంటి సాక్ష్యాలకు వేదిక ఇచ్చినవాణ్ణి. నువ్వు ఎవరికి హాని చేశావు, వారి దగ్గరికి వెళ్లావా అని ఎవరినీ అడగలేదు. అడగవలసింది. మీ అమ్మగారి ముందు తలవంచుతున్నాను.

లేవీయకాండం చదివినవాడు

అమ్మా, మీ బాధకు ఇది మందు అని చెప్పడం లేదు, లేఖనంలో ఉన్నది మాత్రం చెబుతాను. పొరుగువాడికి అన్యాయం చేసినవాడు ఏం చేయాలో లేవీయకాండం 6లో వరస ఉంది. ముందు తాను దోచుకున్నదాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వాలి, దానిమీద అయిదోవంతు కలిపి ఇవ్వాలి, ఆ తరువాతే పొట్టేలును తీసుకొని యాజకుడి దగ్గరికి రావాలి. బలి చివర వస్తుంది. యేసు కూడా ఈ వరసను మార్చలేదు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానని లేచి నిలబడి చెప్పాకే, "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట వినిపించింది. మీ ఇంటి గడప తొక్కకుండా వేదిక ఎక్కిన ఆ మనిషి, తాను నమ్ముతున్నానంటున్న గ్రంథాన్నే సగం చదివాడు.

దివ్యబలిపూజ

మేము కతోలికులం. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునే సంస్కారంలో, గురువు పాపవిమోచనం పలికినంత మాత్రాన మనిషి చేయవలసినది తీరిపోదు. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి, చెడగొట్టిన పేరును నిలబెట్టాలి. దీన్ని క్రియలవల్ల రక్షణ అని మమ్మల్ని ఎన్నో ఏళ్లు ఎత్తిపొడిచారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో కతోలిక సంఘమూ లూథరన్ సమాఖ్యా కలిసి సంతకం చేసిన ప్రకటనలో, రక్షణ పూర్తిగా కృపవల్లనే అనీ, ఆ కృప మనిషిని సత్క్రియలకు పిలుస్తుందనీ ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. తమ్ముడి ఫొటో గారి మాట చదివాక ఆ రెండో సగం ఎంత బరువైనదో తెలుస్తున్నది.

మెదక్ మనవడు

తమ్ముడి ఫొటో గారూ, సిలువ మీద చనిపోయినవాడు కూడా అన్యాయంగా చంపబడినవాడే, ఆయన తల్లి కూడా అక్కడ నిలబడి చూసింది. రక్తం అంటే నేరస్థుడు కడుక్కునే నీళ్లు మాత్రమే అయితే, ఆ తల్లికి అందులో చోటు లేకుండా పోతుంది. మా దళిత వాడల్లో శుక్రవారం నాడు ఆడవాళ్లు ఏడ్చేది తమ పాపాలను తలచుకొని మాత్రమే కాదు. తమవాళ్లను కొట్టి చంపినవాళ్లను కూడా తలచుకొని ఏడుస్తారు. దేవుడు చంపినవాళ్ల పక్కన కాక చనిపోయినవాళ్ల పక్కన కనిపించాడన్నది వాళ్ల విశ్వాసం.

తమ్ముడి ఫొటో

ఈ మాట అమ్మకు చదివి వినిపించాను. "మరియమ్మను ఎవరైనా అడిగారా?" అన్నది. ఇంకేమీ అనలేదు. అందరికీ నమస్కారాలు.

ఆదివారపు బడి

నిన్న ఆదివారం. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను.

న్యాయాధిపతి కథ చెప్పలేదు. మేకల కథ కూడా చెప్పలేదు, అది పెద్ద తరగతికి దాచుకున్నాను. ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకొని, "మీ అమ్మ ఊరకే క్షమించిందన్నావు కదా, ఆ పగిలిన పెంకులు ఎవరు ఏరారు?" అని అడిగాను. అమ్మే అన్నది. ఏరుతుంటే వేలు తెగిందని కూడా చెప్పింది. కొత్త గిన్నె ఎవరు కొన్నారన్నాను. అమ్మే కొన్నది, చీటీ డబ్బుల్లోంచి అన్నది. అప్పుడు నేను, చెల్లిని కొట్టకుండా నిన్ను కొట్టడం కాదమ్మా, పగిలినదాన్ని అమ్మే ఏరుకోవడం లాంటిది సిలువ అన్నాను. యేసయ్య వేరే ఎవరో కాదు, మన దగ్గరికి వచ్చిన దేవుడే అని కూడా చెప్పాను. చెల్లి ఇంకొకరి గిన్నె పగలగొట్టి ఉంటే, అమ్మ క్షమించినా సరే, చెల్లి వాళ్లింటికి వెళ్లవలసిందేనని కూడా చెప్పాను. ఆ మాట తమ్ముడి ఫొటో గారి అమ్మగారిని తలచుకొని చెప్పాను.

పాప చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు పాలు కూడా సగమే మిగిలినయి టీచర్. మాకిద్దరికీ పోసి, అమ్మ తాగలేదు. నేను ఇప్పటిదాకా చూసుకోలేదు" అన్నది.

నెల్లూరు బాప్టిస్టు

వచ్చే ఏడాది ఏడు మాటలలో ఆరో మాట, "సమాప్తమైనది", నాకు ఇచ్చారు. ఆ పాప పేరు చెప్పకుండా ఈ సంగతి చెప్పడానికి మీ అనుమతి కావాలి.

ఆదివారపు బడి

పాపను, వాళ్ల అమ్మను అడిగి చెబుతాను.